దియన్ బియన్ ఫూ 1954: ఫ్రెంచివాళ్ళు లోయలో దిగి ఎందుకు కూర్చున్నారు?

గోదారిగట్టు | శనివారం రాత్రి 9:40
చాలా రోజులుగా ఒక అనుమానం వేధిస్తోంది. ఇక్కడ చదివేవాళ్ళు, సైన్యంలో పనిచేసినవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

వియత్నాం వాయవ్యంలో, లావోస్ సరిహద్దు దగ్గర, దియన్ బియన్ ఫూ అని ఒక లోయ. పొడవు సుమారు 18 కిలోమీటర్లు, మధ్యలో నామ్ రోమ్ అనే చిన్న ఏరు, చుట్టూ అడవి కొండలు, కింద వరిచేలు. హనోయ్ నుంచి విమానం ఎగిరినా దాదాపు 300 కిలోమీటర్లు. 1953 నవంబరు 20న ఫ్రెంచి పారాట్రూపర్లు అక్కడ దిగారు. నాలుగు నెలలయ్యాక, 1954 మార్చి 13 సాయంత్రం ఫిరంగులు మోగాయి. మే 7న అంతా అయిపోయింది. మొత్తం 56 రోజులు. ఆ తర్వాత ఇండోచైనాలో (అప్పటి ఫ్రెంచి వలసలు వియత్నాం, లావోస్, కంబోడియా) ఫ్రాన్సు కథ ముగిసినట్టే.

నా ప్రశ్న: కొండలు శత్రువు చేతిలో వదిలేసి, కింద లోయలో కోట కట్టుకోవాలని ఏ జనరల్‌కైనా ఎలా తోస్తుంది? మనలో చిన్నప్పుడు గోళీలాడినవాడికి కూడా తెలుసు, ఎత్తున ఉన్నవాడిదే పైచేయి అని. వీళ్ళు మూర్ఖులా, లేక మనకి తెలియని లెక్క ఏదైనా ఉందా?

కొత్తమెంబర్_నాని | శనివారం రాత్రి 9:52
ముట్టడి అనగానే నాకు బొబ్బిలే గుర్తొస్తుంది అన్నా. అక్కడా ఫ్రెంచివాళ్ళే కదా, బుస్సీ. 1757.

గోదారిగట్టు | శనివారం రాత్రి 9:58
అవును తమ్ముడూ. కాకపోతే అక్కడ ఫిరంగులు బయట ఉన్న ఫ్రెంచివాళ్ళవి, లోపల ఉన్నది మనవాళ్ళు. ఇక్కడ తిరగబడింది. కోటలో ఫ్రెంచివాళ్ళు, బయట వరి పండించుకునే జనం.

పాత_ఫిరంగి | శనివారం రాత్రి 10:31
నేను ఆర్టిలరీలో 24 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. మీ ప్రశ్నకి నాకు తెలిసింది చెబుతా.

మూర్ఖులు కాదండీ. లెక్క ఉంది. లెక్కలో ఒక అంకె తప్పు, అంతే.

ముందు ఎందుకు దిగారో చూడాలి. ఫ్రాన్సు నుంచి స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న వియత్ మిన్ సేనలు లావోస్‌లోకి వెళ్ళే దారి ఇటే. ఆ దారి మూయాలి. పైగా అంతకు ఏడాది ముందు, 1952 చివర్లో, నా సాన్ అనే చోట ఇలాంటి బురుజుల శిబిరాన్నే కట్టుకుని, విమానాల్లో సామాను తెప్పించుకుంటూ, మీద పడ్డ వియత్ మిన్‌ని గట్టిగా దెబ్బకొట్టారు. ఒకసారి పారిన పాచిక రెండోసారీ పారుతుందనుకున్నారు. అడవిలో కనపడకుండా తిరిగే శత్రువుని బయటికి రప్పించి, మైదానంలో ఫిరంగులతో నలగ్గొట్టాలన్నది ఇండోచైనాలో ఫ్రెంచి సేనాపతి జనరల్ నవార్ ఆలోచన.

ఇక కొండల సంగతి. పాఠం ప్రకారం ఫిరంగిని కొండ వెనకవైపు పెడతారు. గుండు కొండ మీదుగా ఎగిరి అవతల పడుతుంది, ఫిరంగి మాత్రం శత్రువు కంటికి కనపడదు. లోయ చుట్టూ ఉన్న కొండలు దూరం. వాటి వెనక పెడితే గుండ్లు లోయ మధ్యదాకా అందడం కష్టం. ముందువైపు వాలులో పెడితే కింద నుంచి కనపడతాయి, కనపడిన వెంటనే మేం పేల్చేస్తాం. ఇదీ ఫ్రెంచి ఆర్టిలరీ అధిపతి కర్నల్ పిరో ధీమా. శత్రువు ఫిరంగి మూడు గుండ్లు పేల్చేలోపే దాని నోరు మూయిస్తానన్నాడు. ఆయనకి ఒక చెయ్యి లేదు, రెండో ప్రపంచయుద్ధంలో పోయింది. చేతగానివాడు కాదు.

వియత్ మిన్ వాళ్ళు ఏం చేశారంటే, పాఠం చెప్పని పని చేశారు. ఫిరంగుల్ని ముందువైపు వాలులోనే పెట్టారు. కానీ కొండని లోపలికి తొలిచి, గుహలాగా చేసి, పైన మందంగా మట్టీ దుంగలూ కప్పి, ఒక్క గొట్టం మూతి మాత్రం బయటికి వచ్చేలా. పేల్చడం, వెనక్కి లాక్కోవడం. అక్కడక్కడ ఉత్తుత్తి ఫిరంగులు కూడా పెట్టారు. ఫ్రెంచి గుండ్లు వాటి మీద ఖర్చయ్యాయి. కింద ఉన్న గురి కళ్ళెదుటే ఉంది కాబట్టి, మధ్యలో ఎవరూ లెక్కలు కట్టి చెప్పక్కర్లేదు. నేరుగా చూసి కొట్టడమే.

ఫ్రెంచి ఫిరంగులో? నాలుగు పక్కలా తిప్పడానికి వీలుగా ఉండాలని పైకప్పు లేని గుంతల్లో పెట్టారు. పైనుంచి చూసేవాడికి పళ్ళెంలో పెట్టినట్టే.

సరిత_ఓరుగల్లు | శనివారం రాత్రి 10:50
పిరో ఏమయ్యాడో కూడా చెప్పండి సర్.

పాత_ఫిరంగి | శనివారం రాత్రి 10:58
మార్చి 13 రాత్రి బియాట్రిస్ అనే బురుజు పోయింది. 15 పొద్దుటికి గాబ్రియేల్ పోయింది. ఆ రోజే పిరో తన బంకర్లో పడుకుని గ్రెనేడ్ పిన్ను తీసుకున్నాడు. ఒక్క చేత్తో పిస్టల్ సిద్ధం చేసుకోలేడు కదా, పిన్ను పంటితో లాగాడని అంటారు. లెక్క తప్పినందుకు ఆర్టిలరీ మనిషి పడే బాధ నాకు తెలుసు. అంతకంటే రాయను.

ఎర్రచీమ | శనివారం రాత్రి 11:15
మీరంతా ఫ్రెంచివాళ్ళు ఎందుకు ఓడారు అని మాట్లాడుతున్నారు. వియత్నాం జనం ఎలా గెలిచారు అని ఎవరూ అనరేం? వియత్ మిన్ సేనాపతి గియాప్ ఏ మిలటరీ కాలేజీలోనూ చదవలేదు. హనోయ్‌లో బడిలో చరిత్ర చెప్పుకునే మాస్టారు. ఆయన మొదటి భార్య ఫ్రెంచి జైల్లోనే చనిపోయింది. ఆ మాస్టారి ముందు సామ్రాజ్యం మోకరిల్లింది!

నిజం_నిలకడ | శనివారం రాత్రి 11:24
ఇదుగో మొదలైంది. బ్రదర్, ఆ 105 మిల్లీమీటర్ల ఫిరంగులు మాస్టారి బడిలో తయారుకాలేదు. అమెరికా చేసినవి. చైనా అంతర్యుద్ధంలో కమ్యూనిస్టుల చేతిలో ఓడిన చాంగ్ కై షేక్ సేనల దగ్గర్నుంచీ, కొరియాలోనూ చైనావాళ్ళ చేతికి చిక్కినవి. 1953 జూలైలో కొరియా యుద్ధం ఆగాక చైనాకి చేయి ఖాళీ అయింది. విమానాల్ని కూల్చే 37 మిల్లీమీటర్ల తుపాకులు, లారీలు, సలహాదారులు, అన్నీ అటునుంచే. వేయ్ గువోచింగ్ అనే చైనా జనరల్ గియాప్ పక్కనే ఉన్నాడు. చైనా లేకపోతే ఈ గెలుపు లేదు.

ఎర్రచీమ | శనివారం రాత్రి 11:31
ఫ్రాన్సు యుద్ధం ఖర్చులో చాలా భాగం అమెరికా కట్టింది, అది లెక్కలోకి రాదా? పారాచూట్లు వాళ్ళవే, విమానాలు వాళ్ళవే.

నిజం_నిలకడ | శనివారం రాత్రి 11:33
వస్తుంది. నేను కాదనలేదు. ఒక్కడి గొప్పతనంగా చెప్పొద్దంటున్నా.

సరిత_ఓరుగల్లు | ఆదివారం ఉదయం 7:20
రాత్రి పడుకుని పొద్దున్నే చూస్తే ఇంత రాశారు. ఇద్దరికీ ఒకటి చెబుతాను, నేనూ బడిపంతులమ్మనే కాబట్టి మాస్టారి వైపు కాస్త మొగ్గు ఉంటుంది, క్షమించండి.

ఫిరంగులు చైనా ఇచ్చింది, సరే. వాటిని లోయ అంచుదాకా ఎవరు తెచ్చారు? ఒక్కో ఫిరంగి రెండు టన్నుల పైమాటే. లారీ దారి అయిపోయాక, మిగిలిన కొండదారంతా మనుషులే తాళ్ళు కట్టి లాగారు. పగలు విమానాలు తిరుగుతాయి కాబట్టి రాత్రిపూటే. ఎక్కేటప్పుడు లాగడం ఒక ఎత్తు, దిగేటప్పుడు జారిపోకుండా ఆపడం ఇంకో ఎత్తు. అలా ఒకచోట తాడు తెగి ఫిరంగి లోయలోకి జారుతుంటే తో విన్ దియెన్ అనే సైనికుడు చక్రం కింద అడ్డంగా పడి ఆపాడు. ఆయన ప్రాణం పోయింది, ఫిరంగి ఆగింది. వియత్నాంలో పిల్లలందరికీ తెలిసిన పేరు.

ఇంకా అసలు సంగతి వినండి. అలా వారం రోజులు కష్టపడి లాగాక, 1954 జనవరి 25న దాడి అనుకున్నాక, గియాప్ ఆపేశాడు. చైనా సలహాదారులూ, తన సొంత అధికారులూ ‘గబగబా కొట్టి గబగబా గెలుద్దాం’ అని సిద్ధమైతే, ఈయనకి ఆ రాత్రి నిద్రపట్టలేదు. గెలుస్తామన్న నమ్మకం ఉంటేనే కొట్టు అని వియత్ మిన్ నాయకుడు హోచిమిన్ చెప్పి పంపించారు. నమ్మకం లేదు. అందుకని, లాగిన ఫిరంగుల్ని మళ్ళీ వెనక్కి లాగమన్నాడు! ఆ సైనికుల ముఖాలు ఊహించుకోండి. పెళ్ళివారు వచ్చి కూర్చున్నాక ముహూర్తం మార్చినట్టు.

తన జీవితంలో అన్నిటికంటే కష్టమైన నిర్ణయం అదేనని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. తో విన్ దియెన్ చనిపోయింది కూడా వెనక్కి లాగేటప్పుడే.

చైనా ఫిరంగులిచ్చిందన్న మాట నిజం. ఆగుదాం అన్నది మాత్రం గియాప్.

పాత_ఫిరంగి | ఆదివారం ఉదయం 7:45
అమ్మా, బాగా చెప్పారు. జనవరిలో కొట్టి ఉంటే నా సాన్‌లో అయినట్టే అయ్యేదని నా అభిప్రాయం. ఇంకా గుండ్ల నిల్వ చాలలేదు, ఫిరంగి పటాలానికీ నడిచే పటాలానికీ కలిసి పోరాడిన అలవాటు లేదు. వచ్చిన ఏడు వారాల్లో బంకర్లు తవ్వారు, గుండ్లు పోగుచేశారు, మట్టితో లోయ నమూనా చేసి రిహార్సల్ చేశారు. సైన్యంలో ముందుకు పదండి అనడానికి గొంతు చాలు. ఆగండి అనడానికి గుండె కావాలి.

గోదారిగట్టు | ఆదివారం ఉదయం 8:10
సరిత గారూ, ఈ వెనక్కి లాగిన సంగతి నాకు తెలియనే తెలియదు. థాంక్స్. మరి తిండి? 50 వేల మంది సైన్యం అడవిలో నాలుగు నెలలు ఏం తిన్నారు?

సరిత_ఓరుగల్లు | ఆదివారం ఉదయం 8:55
బియ్యం. అదే అసలు యుద్ధం.

వియత్నాం వాళ్ళ లెక్క ప్రకారం ఈ ఒక్క ముట్టడికి 2 లక్షల 60 వేల మంది కూలీలు పనిచేశారు. వాళ్ళ భాషలో ‘జాన్ కాంగ్’ అంటారు, అంటే ప్రజా కార్మికులని చెప్పుకోవచ్చు. ఆడవాళ్ళు చాలామంది. భుజాన కావడి, అచ్చం మన కావడే. దానికి తోడు సుమారు 21 వేల సైకిళ్ళు. తిండి సామాను మొత్తం 25 వేల టన్నుల దాకా.

సైకిళ్ళంటే తొక్కుకుంటూ వెళ్ళారనుకునేరు. తొక్కలేదు, నెట్టారు. హ్యాండిల్‌కి ఒక వెదురు కర్ర అడ్డంగా పొడుగ్గా కట్టారు, పక్కన నడుస్తూ తిప్పుకోవడానికి. సీటు దగ్గర ఇంకో కర్ర నిలువుగా, వెనక నుంచి నెట్టడానికీ వాలులో ఆపడానికీ. టైరు లోపల పాత గుడ్డలూ, పాంటు ముక్కలూ చుట్టారు, పేలకుండా. మామూలుగా మనిషి మోసేది 20, 25 కిలోలు. ఈ సైకిల్ మీద 200 కిలోలు. కొందరు 300 దాటించారు. చాలా సైకిళ్ళు ఫ్రెంచి కంపెనీ ప్యూజో చేసినవే.

ఇంకో సంగతి. మోసేవాడూ తినాలి కదా? దూరం నుంచి మోసుకొచ్చే బియ్యంలో సగానికి పైగా దారిలోనే మోసేవాళ్ళ కడుపుల్లోకి పోతుంది. కావడిని సైకిల్‌గా మార్చడంతో ఈ లెక్కే మారింది. ఒక మనిషి తినేది అంతే, తెచ్చేది పదింతలు. ఫ్రెంచివాళ్ళు రోడ్ల మీద బాంబులు వేసి లారీల్ని ఆపితే సరిపోతుందనుకున్నారు. బాంబు పడ్డ గుంత పక్కనుంచి సైకిల్ తిప్పుకుని పోతే ఏం చేస్తారు?

నిజం_నిలకడ | ఆదివారం ఉదయం 9:15
సైకిళ్ళ కథ అందంగా ఉంటుంది కాబట్టి అందరూ అదే చెబుతారు. కానీ బరువు ఎక్కువ మోసింది లారీలే, సోవియట్ మొలోటోవాలు, కొన్ని వందలు. ఇది కూడా రాయండి మేడమ్.

సరిత_ఓరుగల్లు | ఆదివారం ఉదయం 9:22
రాశారుగా మీరు. ఒప్పుకుంటున్నాను. లారీ వెళ్ళగలిగినంత దూరం లారీయే. ఆ లారీ దారులు బాంబులు పడ్డ రాత్రే పూడ్చింది మాత్రం పారలు పట్టుకున్న ఆడపిల్లలు.

కొత్తమెంబర్_నాని | ఆదివారం ఉదయం 9:40
బియాట్రిస్, గాబ్రియేల్ అంటున్నారు. బురుజులకి ఆడవాళ్ళ పేర్లేంటి?

గోదారిగట్టు | ఆదివారం ఉదయం 9:48
అలా పెట్టుకున్నారు తమ్ముడూ. బియాట్రిస్, గాబ్రియేల్, ఆన్ మరీ, డొమినిక్, ఎలియాన్, ఉగెట్, క్లాడిన్, ఇసబెల్. కమాండర్ కర్నల్ ద కాస్త్రీ ప్రియురాళ్ళ పేర్లని ఒక పుకారు ఉంది, నేను నమ్మను. అక్షరాలు చూడు, ఏ, బీ, సీ, డీ, ఈ, జీ, హెచ్, ఐ. వరసగా సైన్యం వాడుక.

వీటిలో ఇసబెల్ దక్షిణాన ఐదారు కిలోమీటర్ల దూరంలో ఒంటరిగా ఉంది. ఫ్రెంచి ఫిరంగుల్లో మూడో వంతు అక్కడే. బియాట్రిస్, గాబ్రియేల్ కాలిపోతుంటే అక్కడి గుండ్లు అందలేదు. ఫిరంగి గారు అన్న తప్పు అంకె ఒకటే కాదేమో మరి.

పాత_ఫిరంగి | ఆదివారం ఉదయం 10:05
ఒప్పుకుంటా. రెండు అంకెలు. మూడోది విమానాలు. రన్‌వే చుట్టూ శిబిరం కట్టారు, రన్‌వే ఉంటేనే బతుకు. మార్చి చివరికి అది మూతపడింది. తర్వాత అన్నీ పారాచూట్లలోనే. కింద విమానవిధ్వంసక తుపాకులు కాచుకుని ఉంటే పైలట్లు ఎత్తునుంచి వదిలేవారు. శిబిరం రోజురోజుకీ చిన్నదైపోతుంటే, వదిలినవాటిలో చాలా భాగం అవతలివాళ్ళ కందకాల్లో పడేవి. రెండు పక్కలా 105 మిల్లీమీటర్ల ఫిరంగులే కదా! ఫ్రెంచివాళ్ళు ఆకాశం నుంచి పంపిన గుండ్లే మర్నాడు ఫ్రెంచివాళ్ళ నెత్తిన పడ్డాయి.

బ్యాక్‌ప్యాక్_బుజ్జి | ఆదివారం మధ్యాహ్నం 1:30
నేను వెళ్ళొచ్చానండీ అక్కడికి! హనోయ్ నుంచి రాత్రి బస్సులో. కొండదారి, వాంతులు, అన్నీ అయ్యాయి. విమానం కూడా ఉంది, డబ్బులుంటే అదే ఎక్కండి.

ఇప్పుడది మామూలు ఊరు. లోయంతా పచ్చగా వరి. ద కాస్త్రీ బంకర్ మీద ఇనప కప్పు అలాగే ఉంది. నాకు మనసులో నిలిచిపోయింది ఏ1 కొండ. ఫ్రెంచివాళ్ళు ఎలియాన్ 2 అన్నది అదే. కొండ అంటే పెద్దది కూడా కాదు, మన ఊళ్ళలో గుడి గుట్టంత. దాని నెత్తిన పెద్ద గొయ్యి. చుట్టూ కంచె కట్టారు. మార్చి 30 నుంచి ఆ గుట్ట కోసం వందలమంది చచ్చిపోయారు. ఎంత కొట్టినా అది పడలేదు. అప్పుడు గుట్ట కిందకి సొరంగం తవ్వడం మొదలెట్టారు. రెండు వారాలకు పైగా పట్టింది. లోపల గాలాడక దీపాలు ఆరిపోయేవని అక్కడి గైడ్ చెప్పాడు. తవ్విన మట్టిని రాత్రుళ్ళు మోసుకెళ్ళి కనపడకుండా పారబోశారు. చివరికి దాదాపు టన్ను మందుగుండు పెట్టి మే 6 రాత్రి పేల్చారు. మర్నాడు సాయంత్రం అయిదున్నరకి ద కాస్త్రీ బంకర్‌లోకి వియత్ మిన్ సైనికులు దిగారు.

మనం కొండని తవ్వి ఎలుకని పట్టారంటాం. వీళ్ళు తవ్వి కొండనే పట్టారు.

గుట్ట కింద శ్మశానం ఉంది. సమాధుల మీద చాలావాటికి పేర్లు లేవు. నాకు ఫొటో తీయబుద్ధి కాలేదు.

ఎర్రచీమ | ఆదివారం మధ్యాహ్నం 2:10
పేర్లు లేనివాళ్ళకి లాల్ సలామ్.

నిజం_నిలకడ | ఆదివారం మధ్యాహ్నం 2:25
దీనికి నేనూ తల వంచుతాను. కానీ ఇంకో వైపు సమాధుల గురించి ఎవరూ మాట్లాడలేదు. లొంగిపోయిన వాళ్ళు పది వేల పైచిలుకు. గాయపడ్డవాళ్ళని మినహాయిస్తే మిగతావాళ్ళని వందల కిలోమీటర్లు అడవుల్లో నడిపించారు. నాలుగు నెలల తర్వాత తిరిగి అప్పగించింది సుమారు 3,300 మందిని. ఆకలి, విరేచనాలు, మలేరియా. గెలిచినవాళ్ళ కథలో ఈ పేజీ ఎప్పుడూ చింపేసి ఉంటుంది.

సరిత_ఓరుగల్లు | ఆదివారం మధ్యాహ్నం 2:50
ఆ పేజీ ఉండాల్సిందే. పక్కనే ఇంకొకటి కూడా. ఆ పది వేలలో ఫ్రాన్సులో పుట్టినవాళ్ళు ఎంతమంది? గాబ్రియేల్‌ని కాసింది అల్జీరియా వాళ్ళు. మొరాకో వాళ్ళున్నారు. ఆ కొండల్లోని థాయి తెగ వాళ్ళున్నారు, ఆన్ మరీ బురుజు వదిలి వాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోయారు, ఎవరు తప్పుపట్టగలరు? ఫ్రెంచి సైన్యంలో విదేశీయులతో కూర్చిన ‘విదేశీ దళం’లో జర్మన్లు బోలెడుమంది. ఫ్రెంచివాళ్ళ తరఫున పోరాడిన వియత్నాం వాళ్ళూ వేలల్లో ఉన్నారు. తిరిగిరానివాళ్ళ లెక్కలో వాళ్ళదే పెద్ద వాటా. వాళ్ళని తమ దేశస్తులే పట్టుకున్నారు కాబట్టి అప్పగించే ప్రసక్తే రాలేదు.

ఆడవాళ్ళ సంగతి కూడా. జెనెవీవ్ ద గాలార్ అనే నర్సు ఎక్కిన విమానం మార్చి 28న దెబ్బతిని అక్కడే ఉండిపోయింది. విడుదలయ్యాక న్యూయార్క్ వీధుల్లో ఊరేగింపు చేశారు ఆమెకి. 2024లో, 99 ఏళ్ళకి చనిపోయింది. పేపర్లు ‘అక్కడున్న ఏకైక మహిళ’ అని రాశాయి. అబద్ధం. సైనికుల కోసం తెచ్చిన వేశ్యావాటిక ఒకటి శిబిరంలో ఉంది. అల్జీరియా ఆడపిల్లలు, వియత్నాం ఆడపిల్లలు. చివరి వారాల్లో బురదలో, చీములో గాయపడ్డవాళ్ళకి సేవ చేసింది వాళ్ళే. వాళ్ళకి ఊరేగింపు లేదు, చాలామందికి పేరు కూడా మిగల్లేదు.

గోదారిగట్టు | ఆదివారం సాయంత్రం 5:05
నోట మాట రావట్లేదు సరిత గారూ.

కొత్తమెంబర్_నాని | ఆదివారం సాయంత్రం 5:30
డౌట్. ఒక్క లోయ పోతే మొత్తం దేశం ఎందుకు వదిలేయాలి? ఫ్రాన్సు సైన్యం అంతా అక్కడే లేదుగా?

నిజం_నిలకడ | ఆదివారం సాయంత్రం 6:00
మంచి డౌట్. ఇండోచైనాలో వాళ్ళ మొత్తం బలగంలో ఇది చిన్న భాగమే. కానీ తేదీ చూడు. ఫిబ్రవరిలోనే పెద్ద దేశాలు ఒప్పుకున్నాయి, జెనీవాలో ఇండోచైనా గురించి మాట్లాడుకుందామని. ఆ చర్చ మొదలైంది మే 8న. ముందురోజు సాయంత్రం శిబిరం పడిపోయింది. గియాప్ మీదా, చైనా మీదా ఒత్తిడి ఉన్నది ఇందుకే, బల్ల ముందు కూర్చునేలోపు చేతిలో ఏదో ఒకటి ఉండాలి. పారిస్‌లో జనానికి ఎనిమిదేళ్ళ యుద్ధం అప్పటికే విసుగెత్తింది. జూన్‌లో ప్రభుత్వం పడిపోయింది. మెండెస్ ఫ్రాన్స్ అనే ఆయన ప్రధానిగా వచ్చి, నెలలో ఒప్పందం చేస్తా లేకపోతే దిగిపోతా అన్నాడు. జూలై 21కి సంతకాలయ్యాయి. 17వ అక్షాంశం దగ్గర దేశం రెండు ముక్కలైంది. గెలిచినవాళ్ళకి దక్కింది సగమే. అందుకే ఇంకో ఇరవై ఏళ్ళ యుద్ధం.

మధ్యలో అమెరికా బాంబర్లతో కొండల్ని కాల్చేద్దామని ఒక పథకం వేశారు, ‘వల్చర్’ అని. బ్రిటన్ రానంది, అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ వెనక్కి తగ్గాడు.

గోదారిగట్టు | ఆదివారం సాయంత్రం 6:20
మనదేశం పాత్ర కూడా ఉంది. ఫ్రెంచి సైనికుల్ని అమెరికా విమానాల్లో ఇండోచైనాకి చేరవేస్తుంటే, మా ఆకాశం మీదుగా వద్దని ఏప్రిల్‌లో నెహ్రూ చెప్పేశారు. జెనీవా చర్చల్లో మనకి కుర్చీ లేదు, కృష్ణ మీనన్ మాత్రం అందరి గదుల చుట్టూ తిరిగారు. ఒప్పందం అమలు చూసే అంతర్జాతీయ కమిషన్‌కి అధ్యక్షత మనదే, కెనడా, పోలండ్ సభ్యులు. అక్టోబరులో వియత్ మిన్ హనోయ్‌లో అడుగుపెట్టిన వారానికే నెహ్రూ అక్కడికి వెళ్ళారు.

యానాం_ఏటిపాయ | ఆదివారం రాత్రి 8:45
చాలాకాలంగా చదవడమే తప్ప రాయలేదు. ఈ చర్చలో మాత్రం ఊరుకోలేకపోయాను.

1954లో మా యానాం ఇంకా ఫ్రెంచివాళ్ళదే. చుట్టూ తూర్పు గోదావరి, మధ్యలో 30 చదరపు కిలోమీటర్ల ఫ్రాన్సు. దియన్ బియన్ ఫూ మే 7న పడింది. జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారి ఆధ్వర్యంలో యానాంలో ఫ్రెంచి జెండా దిగిపోయింది. మధ్యలో ఐదు వారాలు. అక్కడి ఓటమి వల్లే ఇక్కడ దిగారని నేను అనను, పుదుచ్చేరిలో, మాహేలో ఉద్యమం ఎప్పట్నుంచో ఉంది. కానీ ఇండోచైనాలో అంత దెబ్బ తిన్నాక, ఈ చిన్న ఊళ్ళ కోసం పోరాడే ఓపిక పారిస్‌లో ఎవరికుంటుంది? అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో ప్రజాప్రతినిధులు ఓట్లేశారు, 178 మందిలో 170 మంది భారత్‌లో కలుద్దామన్నారు. నవంబరు 1న అధికారం చేతులు మారింది.

అదే నవంబరు 1న అల్జీరియాలో యుద్ధం మొదలైంది. ఫ్రాన్సు ఒకేరోజు ఒకచోట తాళాలు ఇచ్చేసి, ఇంకోచోట తుపాకీ ఎత్తింది. దియన్ బియన్ ఫూ నుంచి బందీలుగా తిరిగొచ్చిన అల్జీరియా సైనికుల్లో కొందరు ఈసారి అవతలి పక్క చేరారు.

మా ఇంటి సంగతి ఒకటి. పుదుచ్చేరి, కారైకాల్ నుంచి వియత్నాంలోని సైగాన్‌కి ఉద్యోగాలకి వెళ్ళినవాళ్ళు చాలామంది, సైన్యంలోనూ, ఆఫీసుల్లోనూ. మా తాతయ్య మేనమామ ఒకాయన కూడా వెళ్ళాడట. ఫ్రెంచివాళ్ళ దగ్గర గుమాస్తాగానా, సైనికుడిగానా అన్నది మా ఇంట్లో ఇద్దరు ఇద్దరు రకాలుగా చెబుతారు. ‘సైగాన్ పెట్టె’ అని ఒక చెక్కపెట్టె ఉండేది. చిన్నప్పుడు దాని మీద కూర్చుని చదువుకునేవాణ్ణి. ఇప్పుడు ఈ చర్చ చదివాక, ఆ పెట్టెలో కాగితాలేమైనా ఉన్నాయేమో అని అనుమానం.

సరిత_ఓరుగల్లు | ఆదివారం రాత్రి 9:00
దయచేసి వెతకండి. పెద్దవాళ్ళు ఉండగానే అడగండి.

పాత_ఫిరంగి | ఆదివారం రాత్రి 9:12
సర్వీసు నంబరు, పటాలం పేరు ఉన్న చిన్న చీటీ దొరికినా చాలు. సైనికుడో గుమాస్తానో తేలిపోతుంది.

కొత్తమెంబర్_నాని | ఆదివారం రాత్రి 9:20
సంబంధం లేకపోయినా ఒకటి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో యార్క్‌టౌన్ ముట్టడి కూడా ఇలాంటిదే కదా? 1781. లోపల కార్న్‌వాలిస్, బయట వాషింగ్టన్, ఫ్రెంచివాళ్ళు.

గోదారిగట్టు | ఆదివారం రాత్రి 9:34
మంచి పోలిక. అక్కడ సముద్రం మూసుకుపోయి కోట పడింది, ఇక్కడ ఆకాశం మూసుకుపోయి. తేడా ఏంటంటే, ఓడిపోయిన కార్న్‌వాలిస్‌ని శిక్షించలేదు, గవర్నర్ జనరల్‌గా మన నెత్తినే పంపారు. 1792లో నిజాం సేనల్ని కూడా తోడు తీసుకుని శ్రీరంగపట్నం ముట్టడించి టిప్పు రాజ్యంలో సగం లాగేశాడు. ఓడినవాడికి మనమే ప్రమోషన్.

మోడరేటర్ | ఆదివారం రాత్రి 9:50
యార్క్‌టౌన్‌కి వేరే చర్చ తెరవండి. ఎర్రచీమ గారూ, నిజం_నిలకడ గారూ, రెండు రోజులు తిట్టుకోకుండా రాసినందుకు ధన్యవాదాలు. ఇది ఈ వేదికలో రికార్డు.

ఎర్రచీమ | ఆదివారం రాత్రి 9:55
ఇంకా అయిపోలేదు సర్.

గోదారిగట్టు | సోమవారం ఉదయం 6:30
నా ప్రశ్నకి నాకు దొరికిన జవాబు రాసుకుంటున్నా, తప్పైతే దిద్దండి. వాళ్ళు లోయలో కూర్చున్నది కొండల సంగతి తెలియక కాదు. కొండల మీదికి బరువు మోయగల మనుషులు ఉంటారని నమ్మక. మ్యాపులో దారి లేదు కాబట్టి దారి లేదనుకున్నారు.

పాత_ఫిరంగి | సోమవారం ఉదయం 6:52
దిద్దేదేం లేదు. ఒక్కటి కలుపుతా. నవార్‌కి ఫిరంగులు వస్తున్నాయని ముందే గూఢచారుల ద్వారా తెలుసు. తెలిసి కూడా కూర్చున్నాడు. తెలియకపోవడం వేరు, నమ్మకపోవడం వేరు.

యానాం_ఏటిపాయ | సోమవారం రాత్రి 8:15
అమ్మకి ఫోన్ చేశాను. పెట్టె ఉందట, వెనక గదిలో. కాగితాలు ఒకప్పుడు ఉండేవి, 1996 తుపానులో ఇల్లంతా నీళ్ళు నిండినప్పుడు ముద్దైపోయాయి, ఎండబెట్టినా అంటుకుపోయి చదవడానికి రాలేదు, పారేశారట. పెట్టె మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పుడు అందులో చింతపండు పోస్తున్నారు. మూత లోపలివైపు ఏవో అంకెలు చెక్కి ఉన్నాయని, చీకట్లో సరిగా కనపడట్లేదని అంది. పండక్కి వెళ్ళినప్పుడు చింతపండు తీసి చూస్తాను. ఫిరంగి గారూ, ఫొటో పెడతాను, నంబరేనేమో చెప్పండి.